ట్రాకులో కర్ర పడేస్తే సరిపోతుందా?

గౌరవనీయులైన సంపాదకులకు,

అద్దాల స్లైడింగ్ తలుపుల గుండా దొంగలు చొరబడుతున్నారంటూ కిందటి వారం మీరు వేసిన వార్త, దాని పక్కన పెట్టెకట్టి ఇచ్చిన ‘జాగ్రత్తలు’ చూశాక, ఈ పని తెలిసినవాళ్లెవరైనా సరిదిద్దుతూ రాస్తారేమోనని ఆగాను. ఎవరూ రాయలేదు. మీరూ సవరణ వేయలేదు.

ఆ పెట్టెలో పనికొచ్చే సలహా అంటూ ఉన్నది ఒక్కటే: కింది ట్రాకులో కర్ర అడ్డం పెట్టుకోమని. మిగతావన్నీ ‘అప్రమత్తంగా ఉండండి’, ‘అనుమానితులు కనిపిస్తే సమాచారం ఇవ్వండి’ బాపతు. ఆ ఒక్కదానికీ వేసిన ఫొటో చూడండి. కదిలే రెక్క బయటి ట్రాకులో ఉంది, కర్రేమో లోపలి ట్రాకులో పడుకుని ఉంది. ఆ తలుపును తోస్తే హాయిగా జరిగిపోతుంది, కర్ర చూస్తూ ఉంటుంది. కదిలే రెక్క లోపలి ట్రాకులో ఉంటేనే కర్ర అడ్డుపడుతుందన్న ముక్క రాయడానికి పెట్టెలో చోటు లేకపోయిందా?

కర్ర దండగని నేననను. కానీ దానికీ ఒక లెక్కుంది. తలుపు పూర్తిగా మూసి, రెక్క అంచు నుంచి ఎదుటి చట్రం దాకా కొలిచి, మూడు మిల్లీమీటర్లు తగ్గించి కోయాలి. చేతికందిన చీపురుకర్ర వేస్తే నాలుగైదు సెంటీమీటర్లు ఖాళీ మిగులుతుంది. పలుగు దూరడానికి అంత సందు చాలు. సన్నటి కర్రయితే సందులోంచి వంచిన తీగ పెట్టి లేపి పారేస్తారు. ట్రాకు వెడల్పును నింపేంత లావుండాలి, పచ్చి కర్ర కాకూడదు.

ఇంతా చేస్తే, కర్ర ఆపేది తలుపు పక్కకు జరగడాన్ని మాత్రమే. పైకి లేవడాన్ని కాదు. అసలు లోపం అక్కడే ఉంది. స్లైడింగ్ రెక్కను బిగించేటప్పుడు ముందు పై చానెల్లోకి ఎత్తి, తర్వాత రోలర్లను కింది ట్రాకు మీదికి దించుతారు. అలా కుదరాలంటే రోలరు ట్రాకు మీద కూర్చునే ఎత్తు కన్నా పైన ఖాళీ ఎక్కువగా ఉండి తీరాలి. బిగించినవాడు ఎలా పెట్టాడో దొంగ అలాగే తీస్తాడు. కింద పలుగు పెట్టి ఎత్తితే రోలర్లు ట్రాకు దాటుతాయి, లాచ్ కొక్కెం దానంతటదే జారిపోతుంది. అప్పుడు కర్ర ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

దీనికి మందు ఖరీదైనదేం కాదు. మొదట రెక్క కింది అంచు దగ్గరున్న రోలరు స్క్రూలు తిప్పి రెక్కను తగినంత ఎత్తుకోవాలి. రెండు పక్కలా సమానంగా ఎత్తకపోతే రెక్క వాలి లాచ్ కొక్కెం ఎదుటి గాడిలో పడదు. తర్వాత తలుపు తెరిచి, పై చానెల్లో ఖాళీగా కనిపించే భాగంలో, అంటే మూసినప్పుడు రెక్క నిలబడే చోట, మూడు నాలుగు స్క్రూలు కిందికి తల వేలాడేలా బిగించాలి. రెక్క వాటి కిందుగా రెండు మిల్లీమీటర్ల సందుతో దూరిపోవాలి. తల మరీ కిందికి దిగితే రాసుకుంటుంది. ఆ గరగర భరించలేక ఇంట్లో ఎవరో ఒకరు నెల తిరక్కుండా స్క్రూలు పీకేస్తారు. స్క్రూల బదులు ప్లాస్టిక్ దిమ్మెలు కూడా పెట్టొచ్చు. పరీక్ష తేలికే. తలుపు మూసి, రెండు చేతులతో రెక్కను పైకెత్తి చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి లేస్తే పని పూర్తి కానట్టే. రోలర్లు మార్చినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

కదలని రెక్కను మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది కదలదు కదా అని ధీమా. చాలాచోట్ల దాన్ని పట్టి ఉంచేవి రెండు క్లిప్పులు, పొట్టి స్క్రూలు. లోపలి వైపు నుంచి పైనా కిందా ఎల్ పట్టీలు వేసి చట్రానికి బిగించాలి. కింద వేసేటప్పుడు ట్రాకులో వాననీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. అద్దాన్ని చట్రంలో పట్టి ఉంచే సన్నటి పట్టీ, అంటే బీడింగ్, ఏ వైపుందో కూడా చూడండి. బయటి వైపుంటే రబ్బరు లాగి, బీడింగ్ ఊడదీసి, అద్దాన్ని చప్పుడు లేకుండా దించుకోవచ్చు. తయారీలోనే లోపలి వైపు రావలసిన బీడింగ్ అది.

తలుపుతో వచ్చే లాచ్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అది గాలికి తలుపు తెరుచుకోకుండా ఆపడానికే సరి. దానికి తోడు ఒక పిన్ను వేయాలి. రెండు రెక్కల నిలువు చట్రాలు ఒకదాని మీద ఒకటి పడే చోట, లోపలి చట్రాన్ని పూర్తిగా, బయటి చట్రాన్ని సగం దాకా తొలిచి ఆరు మిల్లీమీటర్ల ఉక్కు పిన్ను దూర్చాలి. రంధ్రం లోపలికి పోయేకొద్దీ కొంచెం కిందికి వాలి ఉంటే తలుపు ఊపినా పిన్ను రాలదు. లోతు మించకుండా డ్రిల్ బిట్టుకు టేపు చుట్టుకోవాలి. ఇక్కడే కొంపలు మునుగుతాయి: అద్దం అంచు చట్రంలోకి సుమారు సెంటీమీటరు దాకా చొచ్చుకుని ఉంటుంది. బిట్టు దానికి తగిలితే, అది టఫెన్డ్ గ్లాసయితే (వేడితో గట్టిపరిచిన అద్దం), మొత్తం అద్దం గుప్పున రాలిపోతుంది. బీడింగుకు దూరంగా, అంచు వైపుకి తొలవాలి. అంత వెడల్పు లేని సన్నటి చట్రమైతే ఆ ఆలోచన మానుకుని ట్రాకు మీద బిగించే స్టాపరు కొనుక్కోవడం మేలు. గాలి కోసం పది సెంటీమీటర్లు తెరిచి ఉంచేలా రెండో రంధ్రం వేసుకునేవాళ్లున్నారు. ఆ సందులోంచి చెయ్యి దూరుతుంది. మెలకువగా ఉన్నప్పుడు తప్ప వద్దు.

టఫెన్డ్ అంటే దొంగలు పగలగొట్టలేని అద్దం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, అమ్మేవాళ్లు అలాగే అమ్ముతున్నారు కాబట్టి. మామూలు అద్దం కన్నా నాలుగైదు రెట్లు గట్టిదే. కానీ అది పగిలితే మనిషి కోసుకుపోకుండా ఉండటానికి చేసింది. పగిలిందంటే చిన్న చిన్న ముక్కలై మొత్తం రాలి, దారి శుభ్రంగా తెరుచుకుంటుంది. దొంగను ఆపేది లామినేటెడ్. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉండటంతో పగిలినా చట్రంలోనే వేలాడుతుంది. 6.38 మిల్లీమీటర్లంటే మూడేసి మిల్లీమీటర్ల అద్దాలు రెండింటి మధ్య 0.38 మిల్లీమీటర్ల పొర, తలుపుకు 0.76 గానీ 1.52 గానీ ఉన్న పొర అడగాలి. ఉన్న అద్దానికే ప్లాస్టిక్ ఫిల్ము అతికించాలంటే 200 మైక్రాన్లది తీసుకుని, అంచులను సిలికాన్‌తో చట్రానికి పట్టించాలి. కనిపించేంత మేర అతికించి వదిలేస్తే, పగిలిన అద్దం ఫిల్ముతో సహా దుప్పటిలా లోపలికి పడుతుంది.

అయస్కాంతం సెన్సరు రెక్క జరిగితేనే మోగుతుంది. అద్దం పగలగొట్టి లోపలికి నడిచి వస్తే నోరెత్తదు. పగిలిన చప్పుడు పట్టే సెన్సరు వేరే ఉంది, దాని ముందు మందపాటి పరదా ఉండకూడదు.

ఐరోపాలో తలుపుల దృఢత్వానికి ఈఎన్ 1627 అనే ప్రమాణం ఉంది. అందులో ఆర్‌సీ2 స్థాయి తలుపు స్క్రూడ్రైవరు, పటకారు, సందులో దిగగొట్టే చీలల్లాంటి వాటికి 3 నిమిషాలు తట్టుకోవాలి. దానికి వాడే అద్దం, ఈఎన్ 356 పరీక్షలో, 9 మీటర్ల ఎత్తు నుంచి మూడుసార్లు పడే 4.11 కిలోల ఉక్కు గుండును నిలువరించాలి. రాసుకున్నవాళ్లు రాసుకున్నారు. ఆ పత్రం చూపించమని అడిగితే అమ్మేవాడు మనల్నే వింతగా చూస్తాడు. ఇల్లు కట్టేవాడు బ్రోచర్లో తలుపు వెడల్పు వేస్తాడు, లోపలికి వచ్చే వెలుగు వేస్తాడు, తాళం ఊసెత్తడు. ఇక అధికారులు, ఇంటికి అనుమతిచ్చేటప్పుడు గోడలను అంగుళాలతో కొలిచేవాళ్లు, తలుపును ఒకసారి ఎత్తి చూసిన పాపాన పోరు. దొంగతనం జరిగాక మాత్రం ‘ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అంటూ ప్రకటన సిద్ధం. దాన్ని పత్రికలు అక్షరం పొల్లుపోకుండా అచ్చువేస్తాయి. ఒకప్పుడు ఇలాంటి వార్త వేసేముందు ఒక వడ్రంగినైనా అడిగేవారు.

ఇంకో సంగతి మీ పెట్టెలో రాలేదు. అగ్నిప్రమాదం జరిగితే ఇదే తలుపు బయటపడే దారి. చెవితో వేసే తాళమైతే ఆ చెవి, బయటి నుంచి అద్దం పగలగొట్టి చెయ్యి పెట్టినా అందని చోట, ఇంట్లో చిన్నాపెద్దా అందరికీ తెలిసిన చోట మేకుకు వేలాడాలి. పిన్నుకు దారం కట్టి చట్రానికే తగిలిస్తే పారేసుకోరు.

తలుపు పైకి లేవకుండా ఆపు ఉందా, బీడింగ్ ఏ వైపు, రెండో గడియ ఉందా? ఇళ్ల తనిఖీ పత్రంలో ఈ మూడు గళ్లు చేర్చడానికి ఎంత కాలం కావాలో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారానే చెప్పగలరా?

ఇట్లు
ఒక పాఠకుడు