గోడకు కలంకారీ: ఫొటోతో పాటు కొలతలూ వేయండి

సంపాదకులకు నమస్కారం.

పాత గుడ్డలతో గోడ అలంకరణ గురించి పత్రికల మహిళా పేజీల్లో వచ్చే సూచనలు ఎక్కువగా ఒకే తీరున ఉంటున్నాయి. కలంకారీ ముక్కను థర్మకోల్ మీద జిగురుతో అంటించి తగిలించమంటాయి. ఫొటోకు బాగానే ఉంటుంది. కొంతకాలానికి జిగురు పసుపు మరకై పైకి తేలుతుంది, గుడ్డ అక్కడక్కడా ఉబ్బుతుంది. మైదా జిగురైతే బొద్దింకలు కొరుకుతాయి. అసలు ఈ పనికి జిగురే అక్కర్లేదు. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కతో చట్రం చేయించి గుడ్డను బిగిస్తే ఖర్చూ తక్కువే, గుడ్డా పాడవదు.

మచిలీపట్నం, పెడన అచ్చుల అద్దకం దీనికి చక్కగా పనికొస్తుంది. తీగలు, పూలు వరుసగా మళ్లీ మళ్లీ వస్తాయి కనుక ఎక్కడ కోసినా లోటు కనబడదు. శ్రీకాళహస్తి కలం పనిని మాత్రం దయచేసి కోయవద్దు. అది చేత్తో గీసిన బొమ్మ. దాన్ని ఉన్నంత సైజుకు చట్రం చేయించుకోవాలి గానీ చట్రానికి తగ్గట్టు కత్తిరించకూడదు.

12×18 అంగుళాల చట్రానికి 17×23 అంగుళాల గుడ్డ కావాలి. నాలుగు వైపులా రెండున్నర అంగుళాలు వెనక్కి మడవడానికి. 44 అంగుళాల పన్నా ఉన్న మీటరు గుడ్డలో ఇలాంటివి రెండు వస్తాయి. కొలిచేది ఉతికిన తర్వాతే. ఉతక్కుండా బిగిస్తే తేమకు ముడుచుకుని చట్రం మూలల్ని లాగేస్తుంది. చన్నీళ్లలో కుంకుడు రసంతో జాడించి నీడన ఆరేయాలి. ఘాటైన డిటర్జెంట్ రంగుల్ని మార్చేస్తుంది. ఉప్పు వేస్తే రంగు దిగదని చాలామంది నమ్ముతారు కానీ అద్దకం రంగును ఉప్పు ఆపలేదు. నిమ్మరసం అసలే తగలనివ్వకూడదు, నల్ల గీతలు వెలిసిపోతాయి. కాస్త తడి ఉండగానే తిరగేసి ఇస్త్రీ చేయాలి.

చట్రం ముందు అంచుల్ని గరుకు కాగితంతో నునుపు చేయకపోతే అక్కడ గుడ్డ మీద గీత పడుతుంది. కొత్త చెక్క నుంచి జిగట దిగి మరక అవుతుంది కనుక ముందు పాత తెల్ల పంచె ముక్కను బిగించి, దాని మీద కలంకారీ వేయాలి.

బిగించడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఒక మూల నుంచి మొదలుపెడితే గుడ్డ ఏటవాలుగా సాగి, పూల వరుస వంకరవుతుంది. ఒక వైపు మధ్యలో ఒక మేకు, దాని ఎదురు వైపు మధ్యలో ఇంకొకటి, తర్వాత మిగతా రెండు వైపులా అలాగే. అక్కణ్నుంచి ఎదురెదురుగా రెండేసి అంగుళాల దూరంలో మూలలవైపు సాగాలి. ప్రతి మేకుకూ ముందు తిప్పి చూడాలి, నూలు పోగు చట్రం అంచుకు సమాంతరంగా ఉందో లేదో. మూలలు చివర్లో, పరుపు మీద దుప్పటి మడిచినట్టు మడవాలి.

మేకుల విషయం చిన్నదే అనిపిస్తుంది, కానీ గుడ్డ పాడయ్యేది దాని వల్లే. కలంకారీ గుడ్డను కరక్కాయ రసంలో ముంచి తీస్తారు. ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన ద్రవం ఆ గుడ్డను తాకితే నలుపు పుడుతుంది. అద్దకంలో నల్లరంగు అలాగే తయారవుతుంది. అంటే ఇనుప మేకు తడికి తుప్పు పట్టినా అదే జరుగుతుంది, ఆ మరక ఇక పోదు. ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు మేకులే వాడండి. పాత చీర అయితే ఇంకో జాగ్రత్త ఉంది. ఇనుముతో వచ్చిన నలుపు ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది, అందుకే నల్ల గీతల వెంబడి ముందు చిరుగుతుంది. అలాంటి గుడ్డను గట్టిగా లాగకండి.

గాజు వద్దు. కోస్తా తేమకు గాజు లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. వెనుక కింది మూలల్లో అర అంగుళం మందం బిరడా ముక్కలు అతికిస్తే గోడకూ గుడ్డకూ మధ్య గాలి ఆడుతుంది. వాన కొట్టే గోడకు, స్నానాల గది గోడకు తగిలించకండి. ఎండ పడే చోట కూడా వద్దు, పసుపు రంగు అన్నిటికంటే ముందు వెలిసిపోతుంది. బొమ్మ మధ్య భాగం నేల నుంచి దాదాపు 57 అంగుళాల ఎత్తున ఉంటే నిలబడిన మనిషి కంటికి సరిగ్గా ఆనుతుంది. చాలా ఇళ్లలో తలెత్తి చూడాల్సినంత పైన వేలాడదీస్తున్నారు. అద్దె ఇంట్లో కొత్త మేకు కొట్టనివ్వకపోతే, ఉన్న మేకుకే దారంతో తగిలించవచ్చు, ఈ చట్రం అంత తేలిక.

మీటరు గుడ్డలో రెండు పెద్ద ముక్కలు పోగా ఎనిమిదేసి అంగుళాల చదరాలు నాలుగు తేలిగ్గా వస్తాయి. అవి 5×5 అంగుళాల చట్రాలకు సరిపోతాయి. ఇకమీదట ఇలాంటి సూచనలు వేసేటప్పుడు గుడ్డ కొలత, మేకు రకం, తగిలించే చోటు తప్పక రాయించాలని మనవి.

— కుట్టుపని నేర్పే ఉపాధ్యాయినులు, కృష్ణా జిల్లా