జాకుజీ కొనేముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి

సంపాదకులు గారికి,

అనంతపురం చుట్టుపక్కల కొత్త వెంచర్ల ప్రకటనల్లో, ఫామ్‌హౌస్ బ్రోచర్లలో జాకుజీ, హాట్ టబ్ అనే మాటలు ఈమధ్య తరచూ కనిపిస్తున్నాయి. కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది ధర. నలుగురైదుగురు కూర్చునే అక్రిలిక్ హాట్ టబ్ సాధారణంగా నాలుగైదు లక్షల దగ్గర మొదలై పది లక్షలు దాటిపోతుంది. ఆ సంగతి షోరూములోనే తెలుస్తుంది. తెలియనిది ఆ తర్వాతి ఖర్చు. మన నీళ్లు, మన ఎండ, మన కరెంటు ఆ ఖర్చును ఎంత మారుస్తాయో కొటేషన్‌లో ఒక్క ముక్క ఉండదు. ప్లంబింగ్, మోటార్లు, హీటర్ల పని చేసేవాళ్లుగా మాకు తెలిసిన లెక్కలు మీ పాఠకుల కోసం రాస్తున్నాం.

మన దగ్గర రెండు వేర్వేరు వస్తువుల్ని జాకుజీ పేరుతోనే అమ్ముతున్నారు. బాత్రూములో పెట్టే జెట్ల తొట్టి ఒకటి. దానికి 250 లీటర్ల దాకా నీళ్లు పడతాయి, స్నానం కాగానే వదిలేస్తాం. దీంట్లో దెబ్బతినేది గీజరు దగ్గర. ఇంట్లో ఉన్న 25 లీటర్ల గీజరు చాలని చెప్పేస్తారు. గీజరులో నీళ్లు 65 డిగ్రీలకు కాగినా, చలికాలంలో 22 డిగ్రీల చన్నీళ్లు కలిపి 38 డిగ్రీలకు తెస్తే చేతికొచ్చేది 67 లీటర్లే. తొట్టిలో మూడో వంతు కూడా నిండదు. రెండో విడత కాగేలోపు మొదటివి చల్లారిపోతాయి. 100 లీటర్ల గీజరు గానీ, 200 లీటర్ల సోలార్ గానీ ఉంటేనే ఈ తొట్టి పెట్టుకోవాలి. ఆ గీజరు, దాని పైపుల ఖర్చూ తొట్టితోపాటే లెక్కలో వేసుకోవాలి.

రెండోది అసలు హాట్ టబ్. 1,000 నుంచి 1,500 లీటర్లు పట్టే పెట్టె, దానికి సొంత హీటరు, ఫిల్టరు, మూత ఉంటాయి. ఒకసారి నింపిన నీళ్లే వారాల తరబడి అందులో తిరుగుతుంటాయి. ఇక్కడినుంచి రాసేదంతా దీని గురించే.

దీనికి మన ప్రాంతంలో పెద్ద ఖర్చు కరెంటని అందరూ అనుకుంటారు. మేమైతే నీళ్లే అంటాం. మన బోర్ల నీళ్లు ఎలాంటివో వంట చేసేవాళ్లకు తెలుసు. చాలాచోట్ల కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. తాగునీటికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో కఠినత, అంటే నీళ్లలో కరిగిన సున్నపు లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీటి వసతి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. హాట్ టబ్‌కు కావాల్సింది సుమారు 150 నుంచి 250. ఉప్పు, చక్కెర వేడినీళ్లలో ఎక్కువగా కరుగుతాయి. సున్నం తీరు వేరు, నీళ్లు వేడెక్కేకొద్దీ విడిపోయి బయటపడుతుంది. టబ్బు మొత్తంలో అన్నిటికంటే వేడిగా ఉండేది హీటరు రాడ్డు కాబట్టి ముందు దానిమీదే పేరుకుంటుంది. బోరు నీళ్లతో వాడిన పాత గీజరు రాడ్డు బయటికి తీసి చూడండి, గుడ్డు పెంకు మందాన తెల్లటి పెచ్చులు ఊడి వస్తాయి. ఆ పెచ్చు కట్టాక రాడ్డు వేడి నీళ్లకు సరిగా అందదు, రాడ్డులోనే నిలిచిపోతుంది. కొన్నాళ్లకు రాడ్డు తొడుగు పగిలి, లోపలికి తేమ చేరి, స్విచ్ వేయగానే, కరెంటు లీకైతే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఇలా సున్నం పట్టి పోయిన హీటరుకు వారంటీ సాధారణంగా వర్తించదు. వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంటుంది, కొనకముందే చదవాలి.

అందుకే టబ్బు బేరం మొదలుపెట్టకముందే నీళ్లు పరీక్ష చేయించాలి. బోరు పది నిమిషాలు ఆడించి, శుభ్రమైన లీటరు సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపి ల్యాబుకు ఇవ్వండి. కఠినత, టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు), పీహెచ్ (పులుపు, క్షారం కొలత), ఇనుము అడిగితే చాలు. వీలైతే ఏప్రిల్, మే నెలల్లో చేయించండి. బోరు అడుగంటే కాలంలో ఉప్పు శాతం పెరిగే అవకాశం ఎక్కువ.

మొదటిసారి మంచినీళ్లతో నింపి, తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసేవాళ్లు ఒక లెక్క గమనించాలి. ఆవిరిగా పోయేది నీళ్లే, సున్నం టబ్బులోనే ఉండిపోతుంది. రోజుకు పది లీటర్లు తగ్గితే నెలకు 300 లీటర్లు. ఆ 300 లీటర్లు 400 కఠినత ఉన్న బోరు నీళ్లయితే 120 గ్రాముల సున్నపు లవణాలు కొత్తగా చేరినట్టు. 1,300 లీటర్ల టబ్బులో కఠినత ఒక్క నెలలో 90కి పైగా పెరుగుతుంది.

దీనికి సాఫ్ట్‌నర్ పెట్టమంటారు. పెట్టొచ్చు, కానీ అది చేసే పని తెలియాలి. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసేసి సోడియం వదులుతుంది. సున్నం పట్టదు గానీ టీడీఎస్ తగ్గదు. పైగా కఠినత సున్నాకు పడిపోతే నీళ్లు హీటరులోని లోహాన్ని తినడం మొదలుపెడతాయి. బోరు కఠినత 600 ఉంటే ఒక పాలు బోరు నీళ్లకు మూడు పాళ్లు సాఫ్ట్‌నర్ నీళ్లు కలపాలి, అప్పుడు 150 దగ్గర నిలుస్తుంది. ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్‌ఓతో నింపాలని చూడొద్దు. గంటకు 15 లీటర్లు ఇచ్చే మిషన్ వెయ్యి లీటర్లు ఇవ్వడానికి దాదాపు 67 గంటలు ఆడాలి, అంతకు రెండింతలో మూడింతలో నీళ్లు మోరీ పాలవుతాయి. కరువు సీమలో అది తప్పు. మున్సిపల్ నీళ్లు వచ్చే ఇళ్లలో ఆ నీళ్లను కొంచెం కొంచెంగా సంపులో నిలవ చేసుకుని నింపడం మేలు. ట్యాంకరు తెప్పిస్తే అది ఏ బోరు నీళ్లో అడిగి, ఆ నీళ్లూ పరీక్షించాకే పోయించాలి.

ఇక మందుల సంగతి. 38 డిగ్రీల నీళ్లు మనకెంత హాయిగా ఉంటాయో లెజియొనెల్లా, సూడోమొనాస్ లాంటి క్రిములకూ అంతే హాయి. మొదటిది ఊపిరితిత్తులకు, రెండోది చర్మానికి ముప్పు. క్లోరిన్ లీటరుకు 3 నుంచి 5 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. టబ్బులో దిగే ప్రతిసారీ ఈ రెండూ చూపే పరీక్ష స్ట్రిప్ ముంచి చూడాలి. క్లోరిన్ కోసం డైక్లోర్ గుళికలు వాడాలి. మున్సిపాలిటీవాళ్లు చల్లే బ్లీచింగ్ పౌడర్ చవకే గానీ అందులో సున్నం ఉంటుంది, ఏది వద్దనుకుంటున్నామో దాన్నే పోసినట్టు అవుతుంది. స్విమ్మింగ్ పూల్ ట్రైక్లోర్ బిళ్లలు కూడా వద్దు, వాటి పులుపు అక్రిలిక్‌నూ హీటరునూ పాడుచేస్తుంది. టైల్స్ కడిగే యాసిడ్‌ను క్లోరిన్ మందుతో ఎప్పుడూ కలపకూడదు, ఒకే డబ్బాతో కొలవకూడదు. వచ్చేది విషవాయువు. రెండు రకాల క్లోరిన్ పొడులు కలిసినా మంటలు లేస్తాయి.

నీళ్లు ఎన్నాళ్లకు మార్చాలో తెలుసుకోవడానికి తేలిక లెక్క ఉంది. టబ్బు లీటర్లను 11తో భాగించి, వచ్చినదాన్ని రోజుకు దిగేవాళ్ల సంఖ్యతో మళ్లీ భాగించాలి. 1,300 లీటర్ల టబ్బులో రోజూ ఇద్దరు దిగితే సుమారు 59 రోజులు, నలుగురు దిగితే నెల కూడా రాదు. అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌లో రోజుకు పదిమంది దిగుతుంటే 12 రోజులకోసారి మార్చాలి. ఆ లెక్కన నెలకు 3,000 లీటర్లకు పైనే. పారబోసేముందు మందు వేయకుండా రెండు మూడు రోజులు మూత తీసి ఉంచి, స్ట్రిప్‌లో క్లోరిన్ సున్నా చూపాక కొబ్బరిచెట్లకు వదలొచ్చు. ఆకుకూరల మళ్లకు మాత్రం వద్దు.

కరెంటు లెక్క దీనికంటే సులభం. వెయ్యి లీటర్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.16 యూనిట్లు. 1,300 లీటర్లను 24 డిగ్రీల నుంచి 38కి తేవడానికి 21 యూనిట్లు, 3 కిలోవాట్ల హీటరుకు ఏడు గంటలు. ఆపైన వేడి నిలపడానికి, ఫిల్టరు తిప్పడానికి చలికాలంలో రోజుకు 5 యూనిట్లు వేసుకోండి, నెలకు 150. అసలు దెబ్బ స్లాబులో ఉంది. 2022లో వచ్చిన ఇంటి స్లాబుల ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. ఇప్పుడు నెలకు 200 యూనిట్లు కాల్చే ఇల్లు 350కి చేరితే, పెరిగిన 150లో 25 యూనిట్లకే 6 రూపాయలు, మిగతా 125కూ 8.75. అంటే 1,244 రూపాయలు, సర్దుబాటు ఛార్జీలు అదనం.

వైరింగులో మాత్రం పొదుపు పనికిరాదు. హీటరు, పంపు కలిస్తే 5 కిలోవాట్లు, అంటే 22 ఆంపియర్లు. మీటరు బోర్డు నుంచి విడిగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, లోడు మించితే పడిపోయే 32 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. కనెక్షన్ లోడు చాలకపోతే ముందే పెంచుకోవాలి. మన ఎర్రనేలలు ఎండాకాలంలో పూర్తిగా ఆరిపోతాయి, ఎర్త్ గుంత పని చేయదు. దానికి నీళ్లు పోస్తూ ఉండాలి, ఏడాదికోసారి మీటరు పెట్టి చూడాలి. మాటిమాటికీ పడిపోతోందని ఆర్‌సీసీబీ తీసేసి నేరుగా కలిపే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. అది మనుషులు మెడదాకా కూర్చునే నీళ్లు. పడిపోతోందంటే లీకేజీ ఉందని అర్థం, రాడ్డు విప్పి చూడాల్సిందే. వోల్టేజీ 190కి పడిపోయే పల్లెల్లో హీటరు మూడింట రెండు వంతుల వేడే ఇస్తుంది, పంపు మూలుగుతూ వైండింగ్ కాలుతుంది. విదేశాలనుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ టబ్బు కొనేవాళ్లు మోటారు ప్లేటు మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉందో లేదో చూడాలి. 60 హెర్ట్జ్ మోటారు ఇక్కడ నెమ్మదిగా తిరిగి వేడెక్కుతుంది.

మిద్దె మీద పెట్టాలనే కోరిక చాలామందికి ఉంటుంది. 1,300 లీటర్ల నీళ్లు 1,300 కిలోలు, టబ్బు 300, నలుగురు మనుషులు 280. రెండు మీటర్ల చదరంలో దాదాపు 1,900 కిలోలు, అంటే చదరపు మీటరుకు 470. మిద్దె స్లాబును మామూలుగా డిజైన్ చేసేది చదరపు మీటరుకు 150 కిలోల బరువుకు. స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క కట్టి సంతకం పెట్టనిదే పైకి ఎక్కించొద్దు. నేలమీదైతే ఎర్రనేలలో గట్టిగా దిమ్మిస కొట్టి ఆరంగుళాల కాంక్రీటు బెడ్ సరిపోతుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో ఆ బెడ్ వానకు ఉబ్బి ఎండకు చీలుతుంది. రేగడి తీసేసి గరుసు తోలి తొక్కించాకే వేయాలి.

మార్చి నుంచి జూన్ దాకా సమస్య తిరగబడుతుంది. హీటరు ఆపినా పంపు వేడికే నీళ్లు 40 డిగ్రీలు దాటొచ్చు, ఆ పైన దిగడం ప్రమాదం. పైన నీడ ఉండాలి, ఫిల్టరు తెల్లవారుజామున తిరిగేలా టైము పెట్టాలి, రాత్రి కాసేపు మూత తీయాలి. నీడ లేకపోతే మూత కూడా మన ఎండకు త్వరగా పగులుతుంది. ఏ కాలంలోనైనా పదిహేను నిమిషాలు చాలు. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా దిగకూడదు.

మెకానిక్ ఎక్కువగా బెంగళూరు నుంచి రావాలి, దూరం 200 కిలోమీటర్ల పైమాటే. రాకపోకల ఖర్చు ఎవరిదో ముందే తేలాలి. అమ్మేవాళ్లకు మా విన్నపం ఒకటే. కొటేషన్‌లో టబ్బు పట్టే లీటర్లు, నిండినప్పటి బరువు, హీటరు, పంపు కిలోవాట్లు, ఎంత కఠినత దాకా వారంటీ ఉంటుంది, ఫిల్టరు, రాడ్డు, పంపు సీలు ధరలు, మెకానిక్ వచ్చి వెళ్లే ఛార్జీ రాసి సంతకం పెట్టండి. కొనేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఈ కాగితం అడిగి తీసుకోవాలి.

ఇట్లు,
ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనివాళ్లు,
అనంతపురం