నడవని నాలుగు కాళ్ళ గురించి హారికకు

కాకినాడ,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి హారికకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నాన్నగారు, అమ్మమ్మ, నేను క్షేమంగా ఉన్నాము. వరంగల్లులో నీ ఆరోగ్యం, హాస్టలు భోజనం బాగున్నాయని తలుస్తాను. మొన్న రాత్రి నువ్వు ఫోను చేసి, నీ రోబో ముందుకాళ్ళు ఉన్నచోటనే వణుకుతున్నాయని, వెనకకాళ్ళు చెయ్యి దగ్గరకు తెచ్చినప్పుడు మాత్రమే ఊగి మళ్ళీ ఆగిపోతున్నాయని, ఇక ప్రోగ్రాము లేని ఈ సర్క్యూటంతా పీకేసి, ప్రోగ్రాము రాసి నడిపే ఆర్డునో బోర్డు పెట్టుకుంటానని చెప్పావు. ఒక్క వారం ఆగమని అడగడానికే ఈ ఉత్తరం. పిన్ను నంబర్లు ఫోనులో చెబితే నిలవవు కనుక కాగితం మీద పెడుతున్నాను.

ముందు వెనకకాళ్ళ సంగతి. చెయ్యి దగ్గరకు తెస్తే కదులుతున్నాయన్న నీ మాట వినగానే నాకు అనుమానం వచ్చి, నువ్వు పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. 74 హెచ్‌సీ 240 ఐసీలో ఎనిమిది ఇన్వర్టర్లు, అంటే ఇన్‌పుట్‌ను తారుమారు చేసి ఔట్‌పుట్‌గా ఇచ్చే గేట్లు, నాలుగేసి చొప్పున రెండు జట్లుగా ఉంటాయి. 2, 4, 6, 8 పిన్నులు ఇన్‌పుట్లుగా ఉన్న జట్టును 1వ పిన్ను, 11, 13, 15, 17 ఇన్‌పుట్లుగా ఉన్న జట్టును 19వ పిన్ను అదుపు చేస్తాయి. ఆ రెండింటినీ గ్రౌండుకు, అంటే బ్యాటరీ మైనస్ కొనకు, కలిపితేనే ఆయా జట్లు పనిచేస్తాయి. 1వ పిన్నుకు నువ్వు నల్ల వైరు వేశావు. 19వ పిన్ను దగ్గర మాత్రం టంకం మెరుపు నాకు కనిపించలేదు. వెనకకాళ్ళను నడిపే బైకోర్, అంటే రెండు ఇన్వర్టర్లతో కాళ్ళకు లయ ఇచ్చే సర్క్యూట్, ఆ రెండో జట్టులోనే ఉంది కదా. అటూ ఇటూ కలపకుండా గాలికి వదిలేసిన పిన్ను, చెయ్యి దగ్గరకు వస్తే ఒకలాగా, తీసేస్తే మరొకలాగా ప్రవర్తిస్తుంది. దానిని గ్రౌండు చెయ్యి. వాడని ఇన్‌పుట్లు ఏవైనా మిగిలితే వాటినీ గ్రౌండుకే కలుపు.

ముందుకాళ్ళ వణుకు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే అదే జబ్బుతో నేను ఒక వానాకాలమంతా బాధపడ్డాను. నా మొదటి రోబో మే నెలలో మన వరండా ఈ కొసనుంచి ఆ కొసకు నడిచింది. ఆగస్టు వచ్చేసరికి, నీ రోబో లాగే, అడుగు వెయ్యకుండా వణకసాగింది. రెండుసార్లు ఐసీ మార్చాను, మోటార్లు విప్పి బిగించాను, బ్యాటరీలు కొత్తవి వేశాను. ఒకనాడు మధ్యాహ్నం దానిని టేబుల్ లైటు కింద పెట్టి మరిచిపోయి, గంట తరువాత స్విచ్ వేస్తే చక్కగా నడిచింది. రాత్రికి మళ్ళీ వణుకు. అప్పుడు భూతద్దం పెట్టి జీరో పీసీబీ (భాగాలు గుచ్చి టంకం వేసే రంధ్రాల బోర్డు) వెనకవైపు చూస్తే, పిన్నుల మధ్య టంకానికి వాడిన ఫ్లక్స్ పేస్టు పసుపుపచ్చగా, జిగటగా పరుచుకుని ఉంది. గాలిలోని చెమ్మను పీల్చుకుని అదే ఒక రెసిస్టర్‌గా తయారైంది.

మామూలు సర్క్యూట్లో, పది కిలో ఓముల రెసిస్టర్ల దగ్గర, ఆ పొర ఉన్నా లేనట్టే. మన బైకోర్‌లో అలా కాదు. దానిలో ఒక్కొక్క ఇన్వర్టర్ ఔట్‌పుట్ కెపాసిటర్ గుండా రెండో దాని ఇన్‌పుట్‌కు వెళుతుంది, రెండు ఇన్‌పుట్ల మధ్య ఒకే ఒక పెద్ద రెసిస్టర్ వేలాడుతూ ఉంటుంది. ఆ రెసిస్టర్ గుండా చార్జి కారిపోయేంతవరకు మోటారు ఒకవైపు తిరుగుతుంది, కారిపోగానే రెండు ఇన్వర్టర్లూ తారుమారై మోటారు రెండోవైపు తిరుగుతుంది. నువ్వు వేసినవి 224 అని అచ్చు ఉన్న కెపాసిటర్లు, అంటే 0.22 మైక్రోఫారడ్లు; రెసిస్టర్ 4.7 మెగా ఓములు. రెండింటినీ గుణిస్తే సుమారు ఒక సెకను వస్తుంది. ఊపు సరిగ్గా అంతసేపే ఉంటుందని కాదు, అంచనాకు పనికివస్తుంది. ఆ రెసిస్టర్ పక్కనే చెమ్మపట్టిన ఫ్లక్స్ ఇంకో రెండు మూడు మెగా ఓముల దారి తెరిచిందంటే చార్జి తొందరగా కారిపోయి, కాలు పూర్తిగా చాచకముందే వెనక్కి లాగబడుతుంది. నువ్వు చూస్తున్న వణుకు అదేనని నా నమ్మకం. వరంగల్లులో మన కాకినాడంత ఉక్క లేకపోయినా ఇవి వాన రోజులే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ తీసుకుని పిన్నుల మధ్య బాగా తోము. పూర్తిగా ఆరేవరకు స్విచ్ వెయ్యకు. ఆ తరువాత ఆ వైపు వేలు తగలనివ్వకు.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. మల్టీమీటర్ ముల్లును ఇన్‌పుట్ పిన్ను మీద పెడితే మీటరులోని పది మెగా ఓములు కూడా సర్క్యూట్లో చేరి లయ మారిపోతుంది, లేని తప్పు కనిపిస్తుంది. ఔట్‌పుట్ల మీదనే కొలువు. అంతకంటె మంచిది, మోటార్లు విప్పేసి, వాటి స్థానంలో ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలను ఎదురెదురుగా జతచేసి, వెయ్యి ఓముల రెసిస్టర్‌తో పెట్టు. రెండు రంగులూ ఒకదాని తరువాత ఒకటి సమానంగా వెలిగితే బైకోర్‌లో లోపం లేదు. అప్పటినుంచి వెతకవలసినది మోటార్లలోను, కాళ్ళలోను. నేను ఈ పని చివర చేశాను. నువ్వు మొదట చెయ్యి.

మోటార్లకు కరెంటు ఇచ్చే ఐసీ మీద ఏమి అచ్చు ఉందో కూడా చూడు. అది 74 ఏసీ 240 కావాలి. ఏసీ రకం ఒక్కొక్క పిన్నుకు 24 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, హెచ్‌సీ రకం అందులో నాలుగో వంతుకే లెక్క. ఎనిమిది ఇన్వర్టర్లను రెండేసి జతలుగా కలిపి ఒక్కొక్క మోటారు కొనకు ఒక జత ఇవ్వు. చాలకపోతే ఇంకొక ఐసీని దాని వీపు మీద కూర్చోబెట్టి పిన్నుకు పిన్ను టంకం వెయ్యి. కొత్త పెన్సిలు సెల్లులు నాలుగు పెడితే ఆరు వోల్టులు దాటిపోతుంది, ఈ ఐసీలకు ఆరే హద్దు. రీచార్జి సెల్లులు నాలుగు పెట్టు, 4.8 వోల్టులు వస్తుంది.

ప్రోగ్రాము లేకుండా ఇది నిజంగా నడుస్తుందా అని అడిగావు. ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే నాడీ శాస్త్రవేత్త 1948–49లో ఎల్మర్, ఎల్సీ అనే రెండు తాబేళ్ళను చేశాడు; చక్రాల మీద నడిచే ఆ తాబేళ్ళు, ఒక్కొక్కదానిలో పాతకాలపు రేడియోల్లో ఉండేటటువంటి గాజు వాల్వులు రెండే రెండింటితో, వెలుగును వెతుక్కుంటూ అడ్డాలను తప్పించుకుంటూ తిరిగేవి. కాళ్ళ మీద నడిపించిన ఘనత అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో పనిచేసిన మార్క్ టిల్డెన్‌ది. ప్రోగ్రాము లేకుండా ఇలాంటి చిన్న సర్క్యూట్లతోనే నడిచే బీమ్ రోబోలనే పద్ధతి ఆయనదే; ఇటువంటి నాడీ సర్క్యూట్లకు 1994లో పేటెంటు పొందాడు. 2004లో బజారులోకి వచ్చిన రోబోసేపియన్ బొమ్మ కూడా ఆయన రూపొందించినదే. నాకు ఆర్డునో మీద కోపం లేదు. కాని కాలికి బరువు తగిలినప్పుడు సర్క్యూట్ లయ దానంతట అదే మారడం నీ వేళ్ళతో పట్టుకుని చూడాలని నాకు కోరిక. ముందుకాలిని మెల్లగా పట్టి ఆపు, వెనకకాళ్ళ ఊపు ఎలా మారుతుందో చూడు. ఆ ఒక్క సంగతి చూసిన తరువాత నీకు ఏది ఇష్టమైతే అది పెట్టుకో.

లయ సరిపడి కూడా ముందుకు సాగకపోతే, ముందు మోటారు ఇరుసు నిలువుకు సుమారు ముప్ఫై డిగ్రీలు వాలి ఉందో లేదో కొలుచుకో. ఆ వాలు వల్లనే కాలు ముందుకు వెళుతూ పైకి కూడా లేస్తుంది. వెనకకాళ్ళు ముందుకాళ్ళకంటె పావు చుట్టు వెనకబడి ఊగాలి. రెండు జతలూ ఒకేసారి ఊగితే రోబో ఉన్నచోటనే అటూ ఇటూ ఒరుగుతుంది. బ్యాటరీ పెట్టెను రబ్బరు బ్యాండుతో కట్టి, అరంగుళం చొప్పున జరుపుతూ చూడు. నున్నని టైల్సు మీద సైకిలు స్పోకు కాళ్ళు జారిపోతాయి. కొసలకు సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు తొడుగు.

ఈ ఉత్తరంతోపాటు ఏసీ 240లు రెండు, ఒక ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్), వాల్వు ట్యూబు మూరెడు పంపుతున్నాను. ఎల్‌ఈడీలు పెట్టాక ఇరవై ఊపులకు ఎన్ని సెకన్లు పట్టిందో, ఆల్కహాల్‌తో కడగక ముందు ఒకసారి, కడిగి ఆరిన తరువాత ఒకసారి లెక్కపెట్టి రాయి. దసరా సెలవులకు వచ్చేటప్పుడు రోబోను బట్టల మధ్య కాకుండా అట్టపెట్టెలో పెట్టి తీసుకురా, కాళ్ళు వంగుతాయి.

ఇట్లు,
అమ్మ