జుట్టు మాత్రల సంగతి ల్యాబులు అడగాలి

సంపాదకుడికి,

రక్తం తీసే ముందు ల్యాబువాళ్లు పరగడుపునే ఉన్నారా, షుగర్ ఉందా, మందులేమైనా వాడుతున్నారా అని అడుగుతారు. జుట్టు రాలుతోందని బయోటిన్ వేసుకుంటున్నవారు మూడో ప్రశ్నకు లేదనే అంటారు. వాళ్ల లెక్కలో అది మందు కాదు, విటమిన్. గమ్మీలు తినేవారికైతే గుర్తే రాదు. థైరాయిడ్ రిపోర్టు దారి తప్పేది అక్కడే. హైదరాబాద్ ల్యాబుల ఫారాల్లో ‘బయోటిన్ లేదా జుట్టు, గోళ్ల మాత్రలు చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు?’ అనే ఒక్క గడి ఉండాలని ఈ ఉత్తరం.

బయోటిన్ అంటే బి7 విటమిన్. పెద్దవారికి రోజుకు 30 మైక్రోగ్రాముల చుట్టుపక్కల చాలు, అది మామూలు తిండిలోనే దొరుకుతుంది. జుట్టు మాత్రల్లో 5 లేదా 10 మిల్లీగ్రాములు ఉంటుంది. డబ్బా మీద 10,000 ఎంసీజీ (మైక్రోగ్రాములు) అని ఉంటే 10 మిల్లీగ్రాములే, అంటే అవసరానికి మూడు వందల రెట్లకు పైన. లోపం లేనివారికి దీంతో జుట్టు నిలుస్తుందనడానికి గట్టి ఆధారం లేదు, అది వేరే గొడవ. మిగిలింది మూత్రంలో పోతుంది, ఒంటికి పెద్దగా ఏమీ కాదు. తంటా అంతా టెస్ట్‌ట్యూబులోనే.

చాలా హార్మోన్ పరీక్షలు బయోటిన్‌కూ, స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్‌కూ మధ్య ఉన్న ఉడుంపట్టు మీద నడుస్తాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) పరీక్షలో రెండు యాంటీబాడీలు హార్మోన్‌ను చెరోవైపు పట్టుకుంటాయి. ఒకదానికి బయోటిన్ తోక, రెండోదానికి వెలుగిచ్చే గుర్తు. స్ట్రెప్టావిడిన్ పూసిన సన్నటి అయస్కాంత పూసలు ఆ తోకను పట్టి ఉంచితే, మిగతాది కడిగేసి వెలుగు కొలుస్తారు. రక్తంలో విడి బయోటిన్ మెండుగా ఉంటే, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసినట్టు పూసల మీది చోటంతా అదే ఆపేసుకుంటుంది. తోకున్న యాంటీబాడీ హార్మోన్‌తో సహా కడుగునీళ్లలో పోతుంది. వెలుగు తగ్గి టీఎస్‌హెచ్ తక్కువ పడుతుంది. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్లను కొలిచే ఫ్రీ టీ3, ఫ్రీ టీ4 పరీక్షలది పోటీ పద్ధతి. అక్కడ వెలుగు తగ్గితే హార్మోన్ ఎక్కువని లెక్క, అవి ఎక్కువ పడతాయి. చూస్తే అచ్చం హైపర్‌థైరాయిడ్, అంటే థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు. థైరాయిడ్‌ను అతిగా పనిచేయించే గ్రేవ్స్ జబ్బుకు చేసే యాంటీబాడీ పరీక్ష కూడా కొన్ని కిట్లలో ఇదే వంతున పాజిటివ్ వస్తుంది. అన్నీ ఒకే మాట చెబుతుంటే డాక్టరు థైరాయిడ్‌ను తగ్గించే కార్బిమజోల్ రాయడంలో వింతేముంది?

ఇంతకన్నా కనిపించని ప్రమాదం ఇంకోటుంది. అసలు టీఎస్‌హెచ్ 7 ఉన్నవారికి (థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది) 3 అని వస్తే నార్మల్ అని ఇంటికి వెళ్లిపోతారు. థైరాయిడ్ మందగిస్తే జుట్టు రాలుతుంది, జుట్టు రాలితే బయోటిన్ కొంటారు, ఆ బయోటిన్ జబ్బును దాచేస్తుంది. థైరాయిడ్ మందగించినవారికి ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్ర 75 మైక్రోగ్రాములది వాడేవారికి డోసు ఎక్కువైందనిపించి 50కి దించినా ఆశ్చర్యం లేదు. నాడి మామూలుగా ఉండి, బరువు తగ్గకుండా, చేతులు వణకకుండా రిపోర్టు మాత్రం హైపర్ అంటుంటే, మందు మార్చే ముందు బయోటిన్ గురించి అడగాలి.

చేయాల్సింది చిన్నపనే. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు జుట్టు మాత్ర ఆపాలి. కిడ్నీ జబ్బున్నవారికి, 100 మిల్లీగ్రాములు, ఆపైన వాడేవారికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. డాక్టరు రాసిచ్చిన బయోటిన్‌ను మాత్రం సొంతంగా ఆపకూడదు. థైరాయిడ్ మాత్ర కూడా ఆపేది కాదు, ఆ ఉదయం రక్తం ఇచ్చాక వేసుకుంటే సరి. మల్టీవిటమిన్‌లో ఉండే 30, 100 మైక్రోగ్రాములతో భయం లేదు. గుండెనొప్పితో క్యాజువాలిటీకి వెళ్తే రెండు రోజులు ఆగే ప్రశ్నే లేదు, వెళ్లగానే చెప్పాలి. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాగే తప్పుగా తక్కువ పడొచ్చు. ట్రోపోనిన్ అలా తక్కువ చూపిన ఒక రోగి చనిపోయినట్టు నివేదిక వచ్చిందని 2017 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

అన్ని యంత్రాలకూ ఈ జబ్బు లేదు. కొన్ని కంపెనీలు కిట్లు మార్చాయి, కొన్ని అసలు బయోటిన్ పద్ధతే వాడవు. ఎంత బయోటిన్ దాకా తట్టుకుంటుందో కిట్‌తో వచ్చే కాగితంలోనే నానోగ్రాముల్లో రాసి ఉంటుంది. ల్యాబు ఇన్‌చార్జి అది చదివి రిపోర్టు కింద ఒక వాక్యం వేయడానికి రూపాయి ఖర్చు లేదు. బస్తీ దవాఖానాల నమూనాలు చూసే తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కూ ఇదే మనవి. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబులు ముందురోజు రాత్రి ‘పరగడుపున ఉండండి’ అని మెసేజ్ పెడతాయి. బయోటిన్ మాట అందులో చేర్చితే ఆలస్యమైపోతుంది. బుకింగ్ అప్పుడే చెప్పాలి.

– ఒక బయోకెమిస్ట్, తార్నాక, హైదరాబాద్