డొక్క మీద చెయ్యి వేసి చూడు

అమ్మలూ,

నిన్న నువ్వు పంపిన ఫొటోను మీ అమ్మా నేనూ ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. రెండున్నర నెలల కుక్కపిల్లకు అంతంత పాదాలు! అవి చూస్తే బాగా పెద్దగా పెరిగే జాతే అనిపిస్తోంది. "దీనికి ఏమి పెట్టాలి నాన్నా, తలా ఒక మాట చెబుతున్నారు" అని అడిగావు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను. ఫోనులో చెప్పడానికి నోరు రాని సంగతి కూడా ఒకటి ఉంది.

మా పెళ్ళికి ముందు నేను పెంచిన కుక్క రాజు గురించి నువ్వు చాలాసార్లు విన్నావు. వాడి ముందు కాళ్ళు వంకరగా ఉండేవని కూడా నీకు తెలుసు. అవి ఎందుకు వంగాయో ఎప్పుడూ చెప్పలేదు. నా వల్లే వంగాయి.

కుక్క అంటే మాంసం తినే జంతువు, దానికి మాంసాన్ని మించినది ఏముంటుంది అనుకున్నాను. ఇంటికి తెచ్చిన రోజు నుంచి వట్టి మాంసమే పెట్టాను. గొంతులో ఇరుక్కుంటాయని ఎముకలు ఏరి మరీ పెట్టాను. నాలుగో నెల దాటాక వాడు పరుగెత్తడం మానేశాడు. ఎత్తుకోబోతే కీచుమనేవాడు. డాక్టరు గారు ఎక్స్‌రే తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూపించారు. ఎముక తెల్లగా, గట్టిగా కనిపించవలసిన చోట పొగమంచులా ఉంది. ఎముక ఎక్కడ ఆగిందో, కండ ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మాంసంలో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం నామమాత్రం. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడల్లా శరీరం ఎముకల్లోంచి తోడుకుంటుంది. ఈ పిల్ల ఇన్నాళ్ళూ తన ఎముకలనే ఖర్చు పెట్టుకుంటోంది" అన్నారు. ఆహారం మార్చాక నొప్పి పోయింది, మళ్ళీ పరుగెత్తాడు. వంగిన కాళ్ళు మాత్రం తిన్నగా కాలేదు. ఆ తర్వాత పదకొండేళ్ళు వాడి నడక నా కళ్ళ ముందే ఉంది.

అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

ఆహారం సంచి చేతిలోకి తీసుకోగానే ముందువైపు బొమ్మలు చూడకుండా వెనక్కి తిప్పు. "సంపూర్ణమైన, సమతులమైన ఆహారం" అన్న అర్థం వచ్చే వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది లేకుండా "అనుబంధ ఆహారం" అని ఉంటే, ఎంత ఖరీదైనదైనా దాన్ని చిరుతిండిగానే లెక్కపెట్టు. ఆ వాక్యంలోనే అది ఏ వయసుకో కూడా రాస్తారు. నీ పిల్లకు "ఎదిగే వయసుకు" లేదా "అన్ని వయసులకు" అని ఉండాలి. పెద్దయ్యాక 32 కిలోలు దాటే కుక్క అయితే, పెద్ద జాతుల ఎదుగుదలకు కూడా పనికొస్తుందని విడిగా రాసి ఉండాలి. ఇది ఊరికే అమ్ముకోవడానికి పెట్టిన మాట కాదు తల్లీ. కాల్షియం అవసరానికి మించి వచ్చినప్పుడు కుక్కపిల్ల పేగులు దాన్ని ఆపలేవు, వచ్చినదానిలో చాలా భాగం లోపలికి తీసుకుంటాయి. వేగంగా పెరిగే పెద్ద జాతి పిల్లల్లో దానివల్ల ఎముకలు, కీళ్ళు సరిగా ఏర్పడవు. రాజు కథ విన్నావు కదా అని సంపూర్ణ ఆహారంలో కాల్షియం పొడి కలపబోయేవు! వాడికి తక్కువై వచ్చిన కష్టం నీ పిల్లకు ఎక్కువై వస్తుంది.

ప్రొటీన్ శాతాలు చూసి సంచులను పోల్చేటప్పుడు తేమ తీసేసి లెక్కవెయ్యి. పొడి గుళికల మీద ప్రొటీన్ 26 శాతం, తేమ 10 శాతం అని ఉందనుకో. 26ను మిగిలిన 90తో భాగిస్తే దాదాపు 29 శాతం. తడి ఆహారం డబ్బా మీద ప్రొటీన్ 9 శాతమే కనిపిస్తుంది, కానీ అందులో తేమ 78 శాతం. 9ని 22తో భాగిస్తే 41 శాతం దగ్గరికి వస్తుంది. చూడటానికి బీదగా ఉన్న డబ్బాయే ఇక్కడ ముందుంది. అమెరికాలో జంతువుల ఆహారానికి ప్రమాణాలు రూపొందించే ఏఏఎఫ్‌సీఓ అనే సంస్థ లెక్కల్లో, తేమ తీసేసిన లెక్కన, ఎదిగే పిల్లకు కనీసం 22.5 శాతం, పెద్ద కుక్కకు 18 శాతం ప్రొటీన్ ఉండాలి. మంచి ఆహారాలన్నీ ఆ గీతను తేలిగ్గానే దాటుతాయి, కాబట్టి అంకె ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకోవద్దు.

పదార్థాల జాబితాలో మాంసం మొదట ఉందని కూడా మురిసిపోకు. ఆ వరుస వండకముందు బరువును బట్టి రాస్తారు. పచ్చి మాంసం బరువులో ఎక్కువ భాగం నీళ్ళే. ఇక ధాన్యం లేని ఆహారం మంచిదని నీ స్నేహితురాలు చెప్పిందన్నావు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. మనిషితో కలిసి బతకడం మొదలుపెట్టాక కుక్క పిండిపదార్థాన్ని అరిగించుకోవడం నేర్చింది. పిండిని విడగొట్టే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువుకు తోడేలులో కంటే కుక్కలో ఎన్నో ఎక్కువ ప్రతులు ఉన్నట్టు 2013లో శాస్త్రజ్ఞులు చూపించారు. పైగా ధాన్యానికి బదులు బఠాణీలు, పప్పుదినుసులు ఎక్కువగా వేసిన ఆహారాలకు, గుండె సాగి బలహీనపడే జబ్బుకు సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో పరిశీలన మొదలుపెట్టింది. అదే కారణమని రుజువు కాలేదు. అయినా అవసరం లేనిచోట ఆ జూదం మనకెందుకు?

ఇంట్లోనే వండిపెడతానన్న నీ ఆలోచన నాకు అర్థమవుతుంది, ఒకప్పుడు నాదీ అదే. కానీ పుస్తకాల్లోనూ ఇంటర్నెట్‌లోనూ దొరికే 200 వంటకాలను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షిస్తే, వాటిలో 95 శాతం వంటకాల్లో కనీసం ఒక అత్యవసర పోషకం తక్కువైంది. ఆ పరిశోధన కూడా 2013లోనే వచ్చింది. వండాలనే ఉంటే జంతు పోషణ తెలిసిన డాక్టరు నీ కుక్క బరువుకు, వయసుకు సరిపడా కొలతలు రాసిచ్చాక వండు. ఎదుగుతున్న ఈ ఏడాది మాత్రం వద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, ఎంత పెట్టాలన్నది. నీ పిల్ల 8 కిలోలు ఉందన్నావు. అంత బరువున్న కుక్క కదలకుండా పడుకున్నా రోజుకు సుమారు 330 కిలోకేలరీలు కావాలి. నాలుగు నెలల లోపు పిల్లకు దానికి మూడు రెట్లు, ఆ తర్వాత రెండు రెట్లు. అంటే ఇప్పుడు దాదాపు వెయ్యి. సంచి మీద 100 గ్రాములకు 360 అని ఉంటే రోజుకు 275 గ్రాములు, నాలుగు పూటలకు పంచితే పూటకు 70 గ్రాముల లోపే. కప్పుతో కొలవకు, వంటింటి తూకం వాడు. నేర్పడానికి ఇచ్చే చిరుతిండి అంతా కలిపి రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు. ఆరు నెలలు వచ్చాక రెండు పూటలు చాలు.

ఈ లెక్క మొదలుపెట్టడానికి మాత్రమే పనికొస్తుంది. తర్వాత నీ చెయ్యే చెప్పాలి. ఎడమ చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, కుడిచేతి వేళ్ళతో దాని మీద నిమిరి చూడు. పలచటి చర్మం కింద ఎముకలు తెలుస్తాయి. ఇప్పుడు పిడికిలి బిగించి కణుపుల మీద నిమురు. తర్వాత అరచేతిలో బొటనవేలి కింద ఉన్న మెత్తటి దిమ్మ నొక్కి చూడు. కుక్క డొక్క మీద చెయ్యి వేస్తే పక్కటెముకలు బోర్లా పెట్టిన చేతిలా తగలాలి. పిడికిలిలా తగిలితే చిక్కిపోయింది, అరచేతిలా ఉంటే లావెక్కింది. పైనుంచి చూస్తే నడుము దగ్గర కాస్త సన్నబడాలి. వారానికొకసారి ఇలా చూసి, కొలత పది శాతం అటో ఇటో మార్చుకో.

గిన్నె ఖాళీ చేసి నీ ముఖంలోకి చూస్తుంది, నాకు తెలుసు. ఆ చూపుకు లొంగిపోకు. 48 లాబ్రడార్ కుక్కలను జతలుగా చేసి, జతలో ఒకదానికి జీవితాంతం 25 శాతం తక్కువ తిండి పెట్టిన పరిశోధన ఒకటి 2002లో వెలువడింది. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు, అంటే వాటిలో సగం దాటిన వయసు, 13 ఏళ్ళు, రెండోవాటిది 11.2 ఏళ్ళు. దాదాపు రెండేళ్ళు, అమ్మలూ! కుక్క బతికేదే ఎంతకాలం?

అసలు పెట్టకూడనివి కూడా గుర్తుపెట్టుకో. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను చంపుతాయి. చాక్లెట్, కాఫీ వద్దు. ఉడికించిన ఎముక పెళుసుబారి సూదుల్లా విరుగుతుంది. అన్నిటికంటే నాకు భయం వేసేది నీ చేతిసంచిలో ఉండే చక్కెర లేని చూయింగ్ గమ్. అందులో చక్కెరకు బదులు వేసే జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే గంట లోపే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. ఆ సంచి ఈరోజే కొక్కేనికి ఎత్తుగా తగిలించు.

ఇప్పుడు తింటున్నది ఒక్కరోజులో మార్చకు. వారం, పది రోజులు పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ కలుపు. విరేచనాలు పట్టుకుంటే రెండు రోజులు వెనక్కి తగ్గు. అప్పటికీ తగ్గకపోయినా, పిల్ల నీరసపడినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

ఆదివారం పొద్దున, ఏమీ పెట్టకముందే, దాన్ని ఎత్తుకుని బరువు చూసే యంత్రం మీద నిలబడు. తర్వాత నువ్వు ఒక్కదానివే నిలబడు. తేడా ఒక పుస్తకంలో తేదీతో రాసుకుని నాకు ఫోను చెయ్యి. డొక్క ఎలా తగిలిందో కూడా చెప్పు. ఇంకా పేరు పెట్టలేదన్నావు కదా, మీ అమ్మ రెండు పేర్లు అనుకుని ఉంచింది. ఆరోజే చెబుతుందట.

నాన్న