మూకీ హాస్యానికి వేగమే శత్రువు

సంపాదకులకు,

అమెరికా మూకీ హాస్యచిత్రాల దర్శక నిర్మాత మాక్ సెనెట్ చిత్రాల్లో మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా గెంతుతుంటే అదే ఆయన శైలి అనుకుంటున్నారు చాలామంది. తప్పులో సగం ప్రదర్శనది. అప్పటి కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు 16 ఫ్రేములు (ఫిల్ముపై విడివిడి చిత్రాలు) మామూలు లెక్క, చేతివాటాన్ని బట్టి మారేది. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. అంటే వెయ్యి అడుగుల రీలు దాదాపు 17 నిమిషాలు నడవాలి. టాకీల 24 ఫ్రేముల వేగంతో వేస్తే 11 నిమిషాల్లో అయిపోతుంది!

మిగతా సగం సెనెట్ పనే. బయోగ్రాఫ్ సినిమా కంపెనీలో దర్శకుడు గ్రిఫిత్ దగ్గర పని నేర్చుకుని, 1912లో లాస్ ఏంజెలెస్‌లో కీస్టోన్ స్టూడియో మొదలుపెట్టిన ఈయన, పోలీసుల ఛేజింగుల కోసం కెమెరాను కావాలనే నెమ్మదిగా తిప్పించేవాడు. 12 ఫ్రేములకు తీసినది 16కు వేస్తే మూడో వంతు వేగం పెరుగుతుంది, నవ్వొస్తుంది. 24కు వేస్తే రెట్టింపు. దెబ్బ తగిలే ముందు ముఖంలో మెదిలే అనుమానం మాయమవుతుంది. కీస్టోన్‌లోనే తీసిన 1914 నాటి చాప్లిన్ తొలి చిత్రాలు పాడయ్యేదీ ఇక్కడే.

ఈ చిత్రాలు వేసే టీవీ చానళ్లవారు ప్రతి రెండో ఫ్రేమును ఒకసారి రిపీట్ చేస్తే చాలు, 16 కాస్తా 24 అవుతుంది.

– ఒక పాఠకుడు, విజయవాడ