పరుపు మీద చార్జింగ్ పెట్టిన మా అమ్మాయికి

బుజ్జీ,

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నువ్వు అమ్మకి కొత్త కర్టెన్లు చూపిస్తుంటే నేనూ వెనక నుంచి చూస్తున్నా, కర్టెన్లు కాదులే, నీ వెనక మంచం మీద దిండు పక్కన నీ రిమోట్ కారు బ్యాటరీ చార్జింగ్‌లో ఉంది, దాని మీద సగం దుప్పటి కూడా ఉంది. ఫోన్లో చెప్తే "సరే నాన్నా సరే నాన్నా" అని పెట్టేస్తావ్, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. రెండేళ్ళ కిందట సంక్రాంతికొచ్చి కారు ఇక్కడే వదిలేసి వెళ్ళావ్ చూడు, బ్యాటరీ దాంట్లోనే ఉండిపోయింది, కనెక్టర్ కూడా పీకలేదు నువ్వు. స్విచ్ ఆఫ్‌లోనే ఉంది గానీ మోటార్ వేగం చూసుకునే ఆ ఈఎస్‌సీ బోర్డు కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటదంట, మే నెలలో పక్కింటి పిల్లాడు నడుపుతానంటే తీసి మల్టీమీటర్ పెట్టా, రెండు సెల్సూ కలిపి 4 వోల్టులే. చార్జర్‌కి తగిలిస్తే వోల్టేజ్ తక్కువ అని ఎర్రర్ చూపించి ఒప్పుకోలా. ముప్పై ఏళ్ళు తెనాల్లో బ్యాటరీ షాపు నడిపినోణ్ణి, పడుకున్న బ్యాటరీని లేపడం నాకు ఒక లెక్కా అనుకున్నా. ఈ కారుది లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ కదా, చార్జర్‌లో ఆ మోడ్ తీసేసి పాత నిక్కెల్ బ్యాటరీల మోడ్‌లో పెట్టా, అర ఆంపియర్ మీద, అది కళ్ళు మూసుకుని కరెంటు తోస్తుంది కదా. పావుగంట తర్వాత వెళ్ళి చూస్తే బ్యాటరీ వెచ్చగా, నూనెలో పొంగిన పూరీలా ఉబ్బి ఉంది. ప్లగ్ పీకేసి పటకారుతో పట్టుకుని ఇనప బొచ్చెలో వేసుకుని ఎదురిల్లు కడుతున్నారు కదా ఆ ఇసక గుట్ట మీద పెట్టి దూరంగా కుర్చీ వేసుకుని రెండు గంటలు కూర్చున్నా. ఏమీ కాలేదు. "బ్యాటరీకి కాపలానా" అని మీ అమ్మ నవ్వింది. నీకేమో పక్కింటి పిల్లాడు పారేశాడని చెప్పా, పాపం వాడికేం తెలీదు.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది నేను ఎంత వెధవ పని చేశానో. అంత కిందకి దిగిపోయిన సెల్‌లో లోపలున్న రాగి రేకు కరగడం మొదలవ్వచ్చంట, మళ్ళీ చార్జ్ పెడితే ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపల్లోపలే షార్ట్ అవుద్ది. చార్జర్ ఎర్రర్ చూపించిందంటే అది మొండికేసినట్టు కాదు, ఆ బ్యాటరీ పని అయిపోయినట్టు. ఇక నిక్కెల్ మోడ్‌కి సెల్‌కి 4.20 వోల్టుల దగ్గర ఆగాలని తెలీదు, వోల్టేజ్ పెరిగి పెరిగి కొంచెం తగ్గే దాకా చూస్తుంది, లైపో ఎక్కడా అలా తగ్గదు, అందుకని అది తోస్తూనే ఉంటుంది.

మన షాపు అలవాట్లే నీకొచ్చాయి, అదీ నా బాధ. లారీ బ్యాటరీలకి మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసి వరసగా లైన్లో పెట్టి షట్టర్ దించి ఇంటికొచ్చేవాణ్ణి, పొద్దున్నే హైడ్రోమీటర్‌తో గ్రావిటీ 1250 వచ్చిందో లేదో చూసుకోవడమే. కాస్త ఎక్కువైతే నీళ్ళు తగ్గుతాయి, గ్యాస్ వస్తది, ఎవణ్ణీ బీడీ ముట్టించనిచ్చేవాణ్ణి కాదు అంతే. నీ టెన్త్‌లో కొన్న మొదటి కారుకి 7.2 వోల్టుల నిక్కెల్ ప్యాక్ ఉండేది గుర్తుందా, అది కూడా రాత్రంతా గోడకి వేలాడినా వేడెక్కి ఊరుకునేది. లెడ్ బ్యాటరీ గేదె లాంటిది, ఒక మోపు మేత ఎక్కువేసినా నెమరేసుకుంటుంది. లైపోకి ఆ ఓర్పు లేదు.

నీది టూఎస్, 5000 ఎంఏహెచ్ కదా. అంటే రెండు సెల్స్, ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా పైన రాసేది 7.4 వోల్టులనే, ఫుల్ అయితే 8.4. ఆంపియర్ 5 పెట్టుకో, దాన్నే వన్ సీ అంటారు, అంటే లెక్క ప్రకారం గంటలో నింపే కరెంటు, గంటా గంటంబావులో అయిపోతుంది, చివర్లో చార్జర్ తనే కరెంటు తగ్గించుకుంటూ పోతుంది కాబట్టి ఆ ఆఖరి పావుగంట సాగినట్టుంటుంది, విసుగొచ్చి పీకక్కర్లా. ప్యాకెట్ మీద 50సీ అని ఉందని అంత తోయొద్దు, అది కారు లాక్కునేదానికి రాసింది, నువ్వు ఎక్కించేదానికి కాదు. ఆ తెల్ల చిన్న కనెక్టర్ ఉంటది చూడు, మూడు వైర్లది, అది లేకుండా పెట్టొద్దు ఎప్పుడూ. పెద్ద వైర్లకి రెండు సెల్స్ మొత్తమే కనపడుతుంది, ఒకటి 4.3కి పోయి ఇంకోటి 4.1 దగ్గరున్నా కలిపితే 8.4 అనే చూపిస్తది, చార్జర్ కూడా మోసపోతుంది. బ్యాలెన్స్ మోడ్‌లో పెట్టి స్క్రీన్ మీద రెండు సెల్స్ విడివిడిగా చూడు, ఒక సెల్ ప్రతిసారీ వెనకబడుతుంటే ఆ ప్యాక్ ముసలిదైందని అర్థం. మొదలుపెట్టేముందు లైపో అనే ఉందా, టూఎస్ అనే చూపిస్తుందా, రెండూ బయటికి చదువు, నవ్వుకున్నా పర్లేదు.

ఆడి వచ్చిన వెంటనే పెట్టేయకు. మోటార్ వేడి, ఎండ వేడి, బ్యాటరీ చేతికి చల్లగా తగిలే దాకా ఆగు, ఈలోపు టీ తాగు. కారు స్లో అవుతుంటే ఇంకో రౌండ్ అని కక్కుర్తి పడొద్దు, సెల్ 3.5 వోల్టుల దగ్గర ఆపేస్తే ఎక్కువ కాలం మన్నుతుంది.

ఇక ఎక్కడ పెట్టాలి అనేది. మంచం మీద కాదు, సోఫా మీద కాదు, గుమ్మం దగ్గర చెప్పుల స్టాండ్ మీద అసలు కాదు, మీ ఫ్లాట్‌కి ఉన్నది ఒకటే తలుపు, నాలుగో అంతస్తు, ముగ్గురు ఆడపిల్లలు. ఏదన్నా అంటుకుంటే అది మీరు బయటికెళ్ళే దారిలో ఉండకూడదు. బాల్కనీలో నీడపట్టున గచ్చు మీద పెట్టు, బట్టలారేసే తీగ కింద కాకుండా. నర్సరీలో మట్టి పూలకుండీ ఒకటి కొనుక్కో, అడుగున రెండు వేళ్ళ మందాన ఎండు ఇసక పోసి దాంట్లో ప్యాక్ పెట్టి, పైన మట్టి పళ్ళెం ఊరికే ఆనించు. బిగించి మూయకు, లోపల గ్యాస్ పుడితే బయటికి పోవాలి, లేకపోతే కుండీనే బాంబవుద్ది. చార్జర్‌ని మాత్రం కుండీ బయట పెట్టు. మంటని ఆపే ఆ లైపో బ్యాగ్ ఉంది కదా అంటావ్, ఉండనీ, కానీ అది ఉందని స్నానానికి వెళ్ళిపోవద్దు. చార్జింగ్ అంతసేపూ ఎవరో ఒకరు మెలకువగా ఇంట్లో ఉండాలి, నిద్రపోయే ముందు పెట్టడం అనేది ఇవాళ్టితో బంద్.

ఉబ్బడం, తియ్యటి స్ప్రే లాంటి వాసన రావడం, వేడెక్కడం, ఏది కనపడినా ముందు స్విచ్ బోర్డ్ దగ్గర ఆఫ్ చెయ్, దాని దగ్గర కాదు. పొగ మొదలైతే దగ్గరికెళ్ళొద్దు, ఆ పొగ విషం. దగ్గరున్న సామాను అంటుకునేలా ఉంటే మిగతా ఇద్దర్నీ లేపి తలుపు మూసి కిందకి దిగి 101కి ఫోన్ చెయ్. ల్యాప్‌టాప్ కోసం వెనక్కి వెళ్ళావంటే నేనే వస్తా.

వారం పైన ఆడవనుకుంటే స్టోరేజ్ మోడ్‌లో పెట్టి సెల్‌కి 3.8 దగ్గర ఆపేయ్, ఫుల్‌గా నింపి ఎండాకాలం బీరువాలో పెడితే ఊరికే ఉబ్బుతుంది. కార్లోంచి తీసి పెట్టు, ఈసారైనా. గన్నవరం ఫ్లైట్‌లో వస్తుంటే చెకిన్ బ్యాగ్‌లో వేయొద్దు, చేతి బ్యాగ్‌లో పెట్టుకో, కనెక్టర్ మీద టేప్ చుట్టు. నీది 37 వాట్ అవర్స్, 100 లోపల కాబట్టి ఇబ్బంది ఉండదు గానీ ఎక్కేముందు ఎయిర్‌లైన్ వాళ్ళ రూల్ ఒకసారి చూసుకో. ఉబ్బిన ప్యాక్‌ని మాత్రం నాకు చూపిద్దామని బస్సులో గానీ ఫ్లైట్లో గానీ తీసుకురావొద్దు, ఫొటో పెట్టు చాలు.

ఉప్పునీళ్ళలో వేస్తే చచ్చిపోతుందని ఎవరో చెప్తే నమ్మకు, వైర్లు తుప్పు పట్టి సగంలో ఆగిపోద్ది, లోపల చార్జ్ అలాగే ఉంటుంది. ఆ చార్జ్ దించడానికే లారీ ఇండికేటర్ బల్బు ఒకటి, 12 వోల్టుల 21 వాట్లది, మీ కనెక్టర్ సోల్డర్ చేసి పంపిస్తున్నా. పారేయాల్సిన ప్యాక్‌ని బాల్కనీలో ఆ కుండీలోనే పెట్టి దీనికి తగిలించు, వెలుగు తగ్గి తగ్గి పూర్తిగా ఆరిపోయాక ఇంకో రోజు అలాగే ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకివ్వు, చెత్తబండిలో వేయొద్దు. బల్బు ముట్టుకోకు, కాలుద్ది.

పార్సిల్‌లో గోంగూర పచ్చడి సీసా పక్కనే ఆ బల్బుని పాత తువ్వాల్లో చుట్టి పెట్టా, మీ అమ్మకి తెలీదు, తెలిస్తే పచ్చట్లో గాజు పడుద్దని తీసేయించేది. జాగ్రత్తగా విప్పు. పక్కింటి పిల్లాడికి నువ్వు కొత్త కారు కొన్నావని చెప్పా, ఎప్పుడొస్తావని రోజూ అడుగుతున్నాడు.

మీ నాన్న